నక్కగారి మంగళవారం

వేసవి ముదిరిందంటే ఆ అడవి మొత్తానికీ నీళ్లుండేది కొర్రమడుగులోనే. ఎవరు ముందు తాగాలి, ఎవరు వెనక తాగాలి అని ఏటా కొమ్ములు విరిగేలా కొట్టుకుంటుంటే చూడలేక సింహరాజు అక్కడ ఒక నీటి కచేరీ పెట్టాడు. కచేరీకి అధికారి నక్క భూషణంగారు. ఎవరి వంతు ఎప్పుడో జాబితా రాసేది జింక నాగమల్లి. దారిలో అడ్డుకర్ర ఎత్తి దించేది ఎద్దు కోటయ్య. కోటయ్య ఎవరి జోలికీ పోడు, ఎవరేం చేసినా పట్టించుకోడు. అందుకే ఆయనకి మంచివాడని పేరొచ్చింది.

భూషణంగారికి మాత్రం రెండు పేర్లున్నాయి. సింహరాజు దగ్గర పనిమంతుడని ఒక పేరు. రెండోది ఆడజంతువులు తమలో తాము చెప్పుకునేది, అది ఇక్కడ రాయడం బాగుండదు.

నాగమల్లి చేరిన నెలకే మొదలైంది. "నీ కళ్లు చూస్తుంటే జాబితా మీద చూపు నిలవడం లేదు నాగమల్లీ" అనేవాడు. తప్పులు దిద్దే వంకతో పక్కన చేరి, తోక తెచ్చి ఆమె గిట్టల మీద వేసేవాడు. ఆమె జరిగితే తనూ జరిగేవాడు. ఎదురు చెప్పినవాళ్ల మీద అప్పటికప్పుడు ఒక టేకాకు మీద మెమో గీకి, కచేరీ ముద్ర వేసి, చేతికివ్వకుండా తన దగ్గరే కట్టగా దాచుకోవడం ఆయన పద్ధతి. "నీ కట్ట పెరుగుతోంది సుమా" అని నవ్వేవాడు. అందులో ఏం రాసుందో తెలియక ఆడజంతువులన్నీ వణికేవి.

ఒక మంగళవారం మధ్యాహ్నం, మడుగు దగ్గర రద్దీ తగ్గాక, జాబితా పట్టుకుని తుంగపొద వెనక్కి రమ్మన్నాడు. నాగమల్లి వెళ్లింది. భూషణం జాబితా వైపు చూడనైనా లేదు. భుజం మీద పంజా వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఆమె విదిలించుకుని, జాబితా అక్కడే పడేసి, అడ్డుకర్ర దాకా పరుగెత్తింది. తుంగపొదకి నాలుగడుగుల దూరంలో కోటయ్య నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, చూశారుగా?"

"నేనా? నేను గడ్డి మేస్తున్నానమ్మా."

"మీ మొహం ఇటే ఉంది బాబాయ్!"

"మొహం ఉన్నంత మాత్రాన చూసినట్టా తల్లీ? నాకింకా రెండేళ్ల సర్వీసుంది. నన్నిందులోకి లాగకు."

మర్నాడు పొద్దున్నే భూషణం నాగమల్లిని పిలిచాడు. "నిన్ను పులిగుట్ట కాపలాకి బదిలీ చేశాను. శుక్రవారం పొద్దుగూకేలోగా వెళ్లిపోవాలి. ఈలోగా మనసు మార్చుకున్నావనుకో, ఈ ఆకు చింపేస్తాను. ఏమంటావ్?"

పులిగుట్టకి ఇంతవరకూ మూడు జింకల్ని పంపారు. ఒక్కటీ తిరిగి రాలేదు.

మాట పూర్తి చేసి, మూతి తుడుచుకోడానికి ఆయన వెనకనున్న చెక్క మీది కండువా తీశాడు. ఆ చెక్క మీద రాజుగారి హుకుం చెక్కి ఉంది. కచేరీలో ఏ ఆడజంతువుని ఎవరు వేధించినా గేదె సుబ్బరత్తమ్మగారి విచారణ సంఘానికి చెప్పుకోవచ్చు, సంగతి తేలేదాకా చెప్పుకున్నవాళ్లని కదపకూడదు అని. ఏడాదిగా అది కండువా కిందే ఉంది. భూషణం మళ్లీ కండువా తగిలించేలోగా నాగమల్లి మొత్తం చదివేసింది.

సుబ్బరత్తమ్మ బురదగుంటలో నెమరు వేసుకుంటూ నాగమల్లి చెప్పిందంతా వింది. "నా పేరు అక్కడ చెక్కి ఏడాదైందమ్మా. ఒక్కరూ రాకపోతే అందరూ సుఖంగా ఉన్నారనుకుని ఇక్కడ పడుకున్నాను. ఒక్కసారి వచ్చి చూడొద్దూ? నాకే సిగ్గుగా ఉంది" అంది. తర్వాత, "ఆ మెమోల కట్ట సంగతి ఇంకోసారి చెప్పు" అని అడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం బండరాయి దగ్గర అందరి ముందూ విచారణ మొదలైంది. సంఘంలో రెండో సభ్యుడు కొంగ పరంధామం. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, పెద్దవాళ్లు ఏమంటే అది ధర్మమని నమ్మేవాడు.

నాగమల్లి జరిగింది జరిగినట్టు చెప్పింది.

భూషణం చిరునవ్వు నవ్వాడు. "మంగళవారమా? ఆ రోజు నేనసలు కచేరీలోనే లేనండి. తెల్లారకముందే బయల్దేరి రాళ్లవాగు క్యాంపుకెళ్లాను. చీకటిపడ్డాకే తిరిగొచ్చాను. ఇదిగో క్యాంపు డైరీ."

పరంధామం ఒక కన్ను తెరిచి చూశాడు. "నిజమే, రాసి ఉంది."

"కోటయ్యా, నువ్వేమంటావ్?" అని అడిగింది సుబ్బరత్తమ్మ.

"నేనేం చూళ్లేదండి" అన్నాడు కోటయ్య నేల చూపులు చూస్తూ.

నాగమల్లి పొద్దు వైపు చూసింది. ఎండ అప్పుడే బండ దిగి తుంగ మీదికి వాలుతోంది.

"ఇంకేముందండీ?" అన్నాడు పరంధామం. "గౌరవనీయులైన అధికారి మీద లేనిపోని నింద వేసింది. పొద్దుగూకేలోగా పులిగుట్టకి పంపించేద్దాం."

సుబ్బరత్తమ్మ తీరిగ్గా నములుతూ, "అలాగే పంపిద్దాం బాబూ. కాకపోతే ఒక్క తప్పుకే పులిగుట్టేమిటని రాజుగారు నన్ను అడుగుతారు. ఈ పిల్ల ఇదివరకూ పొగరుగా నడిచినట్టు ఏదైనా రాతలో ఉంటే నా పని తేలికయ్యేది. మీ దగ్గర అలాంటివి ఉండవులే పాపం" అంది.

"ఎందుకుండవ్?" భూషణం చెవులు నిక్కపొడుచుకున్నాయి. గబగబా కట్ట తెచ్చి విప్పాడు. "ఒకటా రెండా? ఈమె మీదే తొమ్మిది!"

"ఎవరో చెప్పగా రాసినవైతే చెల్లవు నాయనా."

"అబ్బే! ప్రతిదీ నేను స్వయంగా చూసి, తప్పు జరిగిన చోటే, జరిగిన వెంటనే రాసింది. ఇంకొకరి మాట మీద ఒక్కటి రాయను. ముద్ర చూసుకోండి."

"నా కళ్లు మందగించాయి. పైనున్నది, అన్నిటికన్నా కొత్తది, మీరే చదవండి."

భూషణం గొంతు సవరించుకున్నాడు. "జింక నాగమల్లి జాబితాను నేల మీద పారేసి, నేను మూడుసార్లు పిలిచినా పలక్కుండా, నా ఎదటి నుంచే పరుగెత్తిపోయినది. ఇది తీవ్రమైన క్రమశిక్షణారాహిత్యము. స్థలం, తుంగపొద..."

అక్కడ ఆగిపోయాడు.

"వారం కూడా చదవండి" అంది సుబ్బరత్తమ్మ.

మెమో మంగళవారం నాడే రాశాడు. క్యాంపు డైరీ మాత్రం గురువారం కూర్చుని రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునే తీరిక అధికారిగారికి దొరకలేదు. ఇప్పుడు ఆయన నోరు తెరిచాడు, చదవడానికి కాదు, ఆకు మింగెయ్యడానికి. సుబ్బరత్తమ్మ గిట్ట దభీమని దాని మీద పడింది. అంత బరువు అంత వేగంగా కదులుతుందని ఎవరూ అనుకోలేదు.

"మంగళవారం మధ్యాహ్నం" అని ఆవిడే చదివింది. చూపు మందగించిన జాడేమీ లేదు. "మీరు రాళ్లవాగులో ఉంటే ఈ మెమో దొంగది. తుంగపొద దగ్గరుంటే ఆ డైరీ దొంగది. ఏది దొంగదో చెప్పండి."

"అది... పొరపాటున..."

"జాబితా పడేసి పరుగెత్తానని పిల్ల చెప్పింది. మీరూ అదే రాశారు. ఎందుకు పరుగెత్తిందో ఒక్కటే రాయలేదు."

పరంధామం రెండో కాలు కూడా కింద పెట్టాడు. సుబ్బరత్తమ్మ కట్టలో మిగతా మెమోలు పైకి చదువుతుంటే కుందేలు ఒకటి, నెమలి ఒకటి, ఉడుత ఒకటి జనంలోంచి లేచి, ఆ రోజు తమకేం జరిగిందో చెప్పాయి. పొద్దుగూకే వేళకి భూషణం ముద్ర లాగేసుకుని, బదిలీ ఆకు చింపి, రెండు అడవిపందుల కాపలాలో ఆయన్ని రాజుగారి దగ్గరికి పంపించారు. పోతూ పోతూ ఒక్కరి మొహంలోకీ చూడలేకపోయాడు.

జనం కదులుతుంటే కోటయ్య నాగమల్లి దగ్గరికొచ్చాడు. "నువ్వు నిజమే చెప్తున్నావని నాకు తెలుసమ్మా. ఆ రోజు నా కళ్లారా చూశాను కదా, దుర్మార్గుడు!"

"చూశారా బాబాయ్?" అంది నాగమల్లి. "ఇందాక నన్ను పులిగుట్టకి పంపమంటుంటే, అప్పుడూ చూస్తూనే ఉన్నారా?"

కోటయ్య అడ్డుకర్ర వైపు తిరిగాడు.

వెనకనుంచి సుబ్బరత్తమ్మ గొంతు వినిపించింది. "పరంధామం! కోటయ్య ఇప్పుడు చూశానన్నాడు, రాసుకో. ఇందాక చూళ్లేదన్నాడు, అది పక్కనే రాయి. రెండూ రాజుగారికి పంపిద్దాం."

నీతి: వేధించేవాడి బలంలో సగమే వాడిది, మిగతా సగం చూసి నోరు మూసుకున్నవాళ్లది.