రెండు వేళ్ళ ఎత్తు

రెడ్డెప్పాచారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. కొందరు దాన్ని పొగరన్నారు, కొందరు చెవుడన్నారు. అడిగినవాడు కలెక్టరైనా సరే, ఆయన చేతిలోని స్పానరు తిరుగుతూనే ఉంటుంది. పాత ఉక్కు రేసు సైకిళ్ళను బాగుచెయ్యడంలో ఆయనంతటి మనిషి మదనపల్లె చుట్టుపక్కల లేడు గనక జనం ఆ పొగరునూ ఆ చెవుడునూ భరించేవారు. జవాబు రాకపోవడమంటూ ఉండదు. నాలుగు రోజులకో, నలభై రోజులకో వస్తుంది. అయితే ఉత్త మాటగా రాదు. తాలూకాఫీసులో పని ముగించుకుని పెన్షను మీద పడ్డాక, ఆయన అంగడి బల్ల మీద కూర్చుని పేపరు చదవడమే నేను ఉద్యోగంగా పెట్టుకున్నాను. అందువల్ల అలాంటి జవాబులు కొన్ని కళ్ళారా చూశాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం చూసి ఉండకపోతే బాగుండుననిపించింది.

అడిగినవాడు కుళ్ళాయప్ప, ఆయన శిష్యుడు. శిష్యుడంటే మీసం మొలవని కుర్రవాడనుకునేరు. నలభై దాటిన మనిషి. లేతుమిషను పని వదులుకుని ఆరేళ్ళ కిందట ఆచారి దగ్గర చేరాడు. పనిమంతుడే గాని ఒట్టి పిరికివాడు. బిగించిన నట్టును మళ్ళీ బిగించి చూస్తాడు. ఇంటికి పోయి కంచం ముందు కూర్చున్నాక, బ్రేకు తీగె సరిగా ముడిపడిందో లేదోనని చెయ్యి కడుక్కుని వెనక్కి వస్తాడు. అతని పెళ్ళాం విసిగిపోయి, "ఆ బ్రేకుకే ముద్దలు కలిపి పెట్టు పో" అన్నదట. ఆ సంగతి అతనే చెప్పి మమ్మల్ని నవ్వించాడు. నవ్విస్తున్నప్పుడు కూడా అతని కళ్ళు స్టాండు మీది సైకిలు చుట్టూనే తిరుగుతూ ఉండేవి.

అతని భయంలో సగం అంగడి నియమం పెట్టింది. బ్రేకు గాని, ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గాని, హ్యాండిలు గాని, వీటిలో దేని మీద చెయ్యి పడినా ఆ సైకిలు నేరుగా యజమానికి పోదు. పని చేసినవాడే దాన్ని హార్స్‌లీ కొండ ఎక్కించి, తొక్కుకుంటూ కిందిదాకా దిగి రావాలి. మలుపు తర్వాత మలుపు, ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. "అంగట్లో ఎవురినైనా ఏమార్చొచ్చు గానీ కొండను ఏమార్చలేం" అంటాడు ఆచారి. ఆరేళ్ళలో కుళ్ళాయప్ప నూరుసార్లకు పైగానే దిగి ఉంటాడు. దిగివచ్చిన ప్రతిసారీ ఎవరితోనూ మాట్లాడకుండా చెంబెడు నీళ్ళు గటగటా తాగేవాడు.

ఆ నెలలో అతని చేతికి వచ్చింది రత్నకుమారి టీచరు సైకిలు. ఆవిడ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. చిన్నప్పుడు కుళ్ళాయప్పకు పరుగు నేర్పింది ఆవిడే. వయసులో ఉన్నప్పుడు పందేల్లో తొక్కిన సైకిలు ముప్పై ఏళ్ళుగా అటక మీద పడి ఉంటే, అరవయ్యో ఏట దాన్ని దింపించి, మళ్ళీ ఒక్కసారి కొండ దిగి చూడాలని పట్టుబట్టింది. కుళ్ళాయప్ప దానికి మూడు వారాలు ప్రాణం పెట్టాడు. తుప్పుకు అతుక్కుపోయిన సీటు కడ్డీని నాలుగు రోజులు నూనెలో నానబెట్టి, ఒక్క గీత పడకుండా బయటికి లాగాడు. చక్రాల్లో కొత్త బాల్సు వేశాడు. ఫోర్కుకు కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లి, ఒకరోజంతా దాని ముందే గొంతుక్కూర్చున్నాడు. లోపల సన్నని పగులేదైనా ఉంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి తడిగీత కనిపిస్తుంది. ఏ గీతా కనిపించలేదు. అయినా మర్నాడు మళ్ళీ పూశాడు.

శనివారం మధ్యాహ్నం పని పూర్తయ్యింది. ఆదివారం పొద్దున్నే కొండ దిగి చూసి, తొమ్మిదింటికి కింద ఎదురుచూసే టీచరుకు సైకిలు అప్పగించాలి. ఆవిడ అక్కడినుంచే పైకి పోయి తన సరదా తీర్చుకుంటుంది. చేతులు తుడుచుకుంటూ కుళ్ళాయప్ప ఆచారి ముందు నిలబడ్డాడు.

"సామీ, ఈ భయం ఎప్పుడు పోతాది? మీరు యాభై ఏండ్లుగా చేస్తా ఉండారు. మీ చెయ్యి వణకంగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఇన్నేండ్లకు పోతాదని చెప్పండి, అంతవరకూ ఓర్చుకుంటా."

ఆచారి చైను లింకులోకి పిన్ను దించుతున్నాడు. దించడం అయ్యేదాకా తల ఎత్తలేదు. అయ్యాక కూడా ఏమీ అనలేదు. కుళ్ళాయప్ప కాసేపు నిలబడి, అలవాటైనవాడే గనక, వెళ్ళి తన పీట మీద కూర్చున్నాడు.

ఆదివారం తెల్లవారాక పాలజీపులో సైకిలు వేసుకుని ముగ్గురం కొండెక్కాం. నాకు అక్కడ పనేమీ లేదు. పనిలేని చోట ఉండడం నాకు అలవాటు. పైన మంచు దిగి ఉంది. రోడ్డు తడిసి నల్లగా కనిపిస్తోంది. కుళ్ళాయప్ప ప్యాంటు అంచులు మడిచి హెల్మెట్టు అందుకోబోతుంటే, ఆచారి దాన్ని తీసి తన తలకు పెట్టుకున్నాడు.

"ఈ పొద్దు నేను దిగుతా."

"మీరా? పనిజేసింది నేను గదా సామీ! నేనే దిగాలని నియమం..."

"ఆ నియమం పెట్టినోడు ఎవురప్పా?"

ఆచారికి డెబ్బై ఒకటి. కొండ దిగి అప్పటికి ఐదారేళ్ళయింది. కుళ్ళాయప్ప సీటు పట్టుకుని వదల్లేదు. తను పడితే తను పోతాడు, ఆ భయం అతనికి పాతదే. తను చేసిన పని మీద ఇంకో మనిషి, అందులోనూ గురువు, కూర్చుని పోవడం అతను ఎన్నడూ చూడలేదు. "ఒక్కసారి, ఇంకొక్కసారి అంతా చూసేస్తా సామీ" అన్నాడు.

"నిన్న చూళ్ళేదా?"

"చూస్తి."

"అయితే చెయ్యి తియ్యి."

చెయ్యి తీశాడు. ఆచారి కాలు తిప్పి ఎక్కి, రెండు తొక్కులు తొక్కి, మొదటి మలుపు దగ్గర మంచులో కలిసిపోయాడు. వెనక చక్రం చిటచిట మాత్రం పైకి వినిపిస్తోంది. కుళ్ళాయప్ప రోడ్డు మధ్యన నిలబడి, తాను చేసిన పనులన్నీ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బ్రేకు రబ్బర్లు. తీగెలు. ఫోర్కు. ముందు బాల్సు. ఒక్కొక్కటి చెప్పినప్పుడల్లా ముఖంలోకి కాస్త రంగు వస్తోంది. ఐదో వేలు ముడవబోయి ఆగాడు. నావైపు తిరిగాడు. ముఖంలోకి వచ్చిన రంగంతా పోయింది.

"సార్," అన్నాడు, "హ్యాండిలు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఎందుకంటే శుక్రవారం సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. ఆచారి పంటినొప్పికి డాక్టరు దగ్గరికి పోయాడు. రత్నకుమారి టీచరు సైకిలు చూసుకుందామని వచ్చింది. ముగ్గురం టీ తాగాం. కుళ్ళాయప్ప ఏడో తరగతిలో పరుగుపందెంలో తప్పు గీత మీద పరుగెత్తి గోడకు కొట్టుకున్న కథ ఆవిడ చెబుతుంటే మాకు పొట్టలు చెక్కలయ్యాయి. పోతూ పోతూ, "నడుము వంగడం లేదురా, ఆ హ్యాండిలు రెండు వేళ్ళు పైకి లేపిపెట్టు" అంది. అతను నవ్వుతూనే లేచి, బోల్టు వదులు చేసి, హ్యాండిలు లేపి, మళ్ళీ బిగించాడు. కొంచెం జారినట్టనిపిస్తే ఇంకాస్త గట్టిగా బిగించాడు. అంతే. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

ఆ సైకిళ్ళలో హ్యాండిలు కాడ ఫోర్కు గొట్టంలోకి దిగి ఉంటుంది. బోల్టు బిగిస్తే కాడ అడుగున ఉన్న చీల అనే ఇనుపముక్క పక్కకు ఒత్తుకుని గొట్టాన్ని లోపలినుంచి పట్టుకుంటుంది. గొట్టం మందంగా ఉన్న చోట పట్టుకోవాలి. పైభాగంలో మరలు కోసి ఉంటారు గనక అక్కడ ఉక్కు పలచన. కాడను మితిమీరి లేపితే చీల ఆ పలచని చోటికి వస్తుంది. బిగించేకొద్దీ గొట్టాన్ని లోపలినుంచి చీలుస్తుంది. ఈ మధ్య వచ్చిన కాడల మీద ఇంతకు మించి లేపకూడదని గీత గీసి ఉంటుంది. ఆ పాతదాని మీద లేదు. అలాంటివాటి కోసమే ఆచారి గుర్తులు పెట్టిన చీపురుపుల్ల ఒకటి గోడ సందులో దోపి ఉంటుంది. దాన్ని కాడ పక్కన పెట్టి కొలిస్తే చీల మరలు దాటి కిందికి దిగిందో లేదో తెలుస్తుంది. ఆ రోజు పుల్ల గోడమీదే ఉండిపోయింది. శనివారం కుళ్ళాయప్ప హ్యాండిలు పట్టి ఊపి చూశాడు, బిగువుగానే ఉంది. బిగువే అక్కడ ప్రాణం తీసేదని చెయ్యికి ఎలా తెలుస్తుంది? గొట్టం అక్కడ తెగిందంటే హ్యాండిలు చేతిలో ఉంటుంది, చక్రం దాని ఇష్టం వచ్చిన దారిన పోతుంది.

"సామీ!" అని కేకపెట్టాడు కుళ్ళాయప్ప. కొండ ఆ కేకను తిప్పి మాకే ఇచ్చింది. తర్వాత పరుగెత్తాడు. మలుపులను అడ్డంగా కోస్తూ మేకలవాళ్ళ కాలిబాట ఒకటి ఉంది. ముళ్ళూ రాళ్ళూ చూడకుండా అందులో పడ్డాడు. నా వయసుకూ నా బొజ్జకూ తగని పని, అయినా నేనూ వెనకే పడ్డాను. మొదటి మలుపు దాటాం. తడి రోడ్డు మీద సన్నని టైరు చార తప్ప ఎవరూ లేరు. రెండో మలుపూ అంతే. కిందినుంచి చిటచిట ఇంకా వస్తోంది. అది వినిపిస్తున్నంతసేపూ భయంగా ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, అంతదాకా పడింది అసలు భయమే కాదని.

మంచులో బాట తప్పి, తిరిగి మూడో మలుపు చేరేసరికి పావుగంటైంది. అక్కడ సైకిలు పిట్టగోడకు ఆనించి ఉంది. హ్యాండిలు లేదు. హెల్మెట్టు గోడ మీద బోర్లించి ఉంది. మనిషి లేడు. గోడ అవతల లోయ, లోయ నిండా మంచు. కుళ్ళాయప్ప పది అడుగుల దూరంలోనే నిలబడిపోయాడు. గోడ దగ్గరికి పోయి తొంగిచూడలేదు. నేను మాత్రం పోయానా? గుర్తొచ్చిన దేవుళ్ళందరినీ తలుచుకుంటూ అక్కడే ఉన్నాను. అలా ఎంతసేపున్నామో చెప్పలేను.

"ఈ పక్కకు రాండప్పా," అని వెనకనుంచి వినిపించింది.

ఆచారి రోడ్డుకు కొండవైపున ఒక బండరాయి చాటున కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో హ్యాండిలు ఉంది. దాని మీద పెట్టుకున్న రెండు చేతులూ వణుకుతున్నాయి. చలికి వణికే వణుకు కాదది. జేబులోంచి రుమాలు తీసుకోబోతే వేళ్ళకు జేబు దొరకలేదు. కుళ్ళాయప్ప ఆ చేతులకేసి, ఎవరి చేతులో అన్నట్టుగా చూస్తున్నాడు.

"మలుపులో బ్రేకు పడితే టిక్కుమన్నాది. రాయి ఎగిరిందేమో అనుకోని పోయుండచ్చు. నాకు అట్ల అనుకునేదానికి ధైర్యం చాల్లేదు. దిగి, జేబులో స్పానరు తీసి, బ్రేకు తీగెలు వదిలించి, హ్యాండిలు ఇప్పినా," అన్నాడు ఆచారి. లేచి సైకిలు దగ్గరికి నడిచి, గొట్టం మూతి చూపించాడు. పైనున్న నట్టు తీసేసి ఉంది. మర చుట్ల సందున వెంట్రుకంత గీత, గొట్టం చుట్టూ సగం దూరం పాకి ఉంది. ఇంకో రెండు మలుపులైనా తట్టుకునేదో లేదో.

కుళ్ళాయప్ప ఆయన కాళ్ళ మీద పడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. శుక్రవారం జరిగింది మొత్తం చెప్పాడు. టీచరు రావడం, టీ, నవ్వులు, రెండు వేళ్ళు, గోడ మీది పుల్ల, ఏదీ దాచలేదు. ఆచారి అడ్డు రాకుండా విన్నాడు. ఈలోగా మంచు కొంచెం విడిపోయి లోయ అడుగు కనిపించింది. కింద కొండ మొదట్లో, వేలి గోరంత, తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి ఒకరు నిలబడి ఉన్నారు. రత్నకుమారి టీచరు గంట ముందే వచ్చేసింది. పైకి చూస్తూ చెయ్యి ఊపుతోంది. మేము కనిపించామో, ఊరికే కొండకే ఊపుతోందో తెలియదు. కుళ్ళాయప్ప ఆ టోపీని చూసి కళ్ళు మూసుకున్నాడు.

"ఫోర్కు చూసేటప్పుడు భయమేసిందా?" అని అడిగాడు ఆచారి.

"మూడు దినాలు నిద్ర పట్లేదు సామీ."

"హ్యాండిలు ఎత్తేటప్పుడు?"

"లేదు సామీ," అన్నాడు కుళ్ళాయప్ప. "నవ్వుకుంటా ఎత్తినా."

ఆచారి తాను పట్టుకున్న హ్యాండిలును అతని చేతికిచ్చాడు. ఆయన వేళ్ళు ఇంకా కుదుటపడలేదు.

"ఎప్పుడు పోతాదని గదప్పా నన్ను అడిగితివి? శుక్రవారం పోయింది."