బూరుగమ్మకి తీపి పెట్టిందెవరు?

అనగనగా, పొద్దున్నే మంచు గుమ్మం దాకా వచ్చి నిలబడే ఒక కొండ ఊళ్ళో కామాక్షమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ ఒక చించిల్లాని పెంచుకునేది. చించిల్లా అంటే ఏంటో తెలుసా? ముఖం చూస్తే ఎలుకంటావు, చెవులు చూస్తే కుందేలంటావు, తోక చూస్తే ఉడతంటావు. అవేవీ కాదు. ఒళ్ళంతా బూరుగుదూదిలా మెత్తగా ఉంటుందని దానికి బూరుగమ్మ అని పేరు పెట్టుకుంది.

ఆ ఊరి ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరమ్మ బదిలీ మీద వెళ్ళిపోతూ, ఎండ ఊళ్ళో ఇది బతకదని కామాక్షమ్మకి అప్పగించింది. "ఎండుగడ్డి, మంచినీళ్ళు చాలు పిన్నిగారూ, ఇంకేం అలవాటు చెయ్యకండి" అని మరీ మరీ చెప్పింది. కామాక్షమ్మకి పిల్లల్లేరు. దాన్నే బిడ్డలా చూసుకుంది.

కొన్నాళ్ళకి బూరుగమ్మ గడ్డి ముట్టడం మానేసింది. గోధుమ గింజలంత ఉండే పెంటికలు నువ్వుగింజలంత అయిపోయాయి. నవ్వకు! చించిల్లా ఆరోగ్యం పెంటికల్లోనే తెలుస్తుంది.

అప్పుడు పశువుల డాక్టరు మస్తానయ్య వచ్చి పొట్ట తడిమి చూశాడు. "ఎవరో దీనికి తీపి పెడుతున్నారమ్మా. ఇది గడ్డికి అలవాటైన పొట్ట. తీపి పడితే ఉబ్బిపోతుంది, పాపం కక్కుదామన్నా కక్కలేదు. ఇంకో వారం ఇలాగే సాగితే మనకి దక్కదు" అన్నాడు.

అంతే, కామాక్షమ్మకి కనబడిన ప్రతిదాని మీదా అనుమానం పుట్టుకొచ్చింది.

ముందు బజార్లో కొన్న మేత పొట్లం మీద అనుమానం. దాని మీద నవ్వుతున్న చించిల్లా బొమ్మ ఉంది. కళ్ళజోడు పెట్టుకుని వెనకాల చిన్న అక్షరాలు చదివింది. తేనె, ఎండు అరటిపండు, పొద్దుతిరుగుడు గింజలు! పక్కనే బలానికని కొన్న టానిక్కు సీసా. "గడ్డి కడుపునిండా తినేదానికి టానిక్కు ఎందుకమ్మా? ఏదైనా లోటుంటే నేనే చెప్తాను కదా" అన్నాడు డాక్టరు. రెండూ చెత్తబుట్టలో పడ్డాయి. అయినా పెంటికలు పెరగలేదు.

ఆ తర్వాత మొగుడి మీద అనుమానం. సుబ్బరాయుడికి షుగరు. చొక్కా జేబు తడిమితే బెల్లం ముక్క దొరికింది! "నాకే చాలక చస్తుంటే దానికెక్కడ పెడతానే!" అన్నాడాయన. బెల్లం లాక్కుంది. అయినా పెంటికలు పెరగలేదు.

ఆ తర్వాత పక్కింటి సులోచన మీద పడింది. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం వచ్చి బోను దగ్గర కూర్చుని కబుర్లు చెప్పేది. కామాక్షమ్మ తలుపు చాటున నక్కి, ఒక్క ఉదుటున వచ్చి మణికట్టు పట్టుకుంది. "ఏం పెడుతున్నావే?"

గుప్పిట్లో నీడన ఆరబెట్టిన మందార రేకు ఒక్కటే ఉంది. "డాక్టరుగార్ని అడిగే తెచ్చాను వదినా. వారానికి ఒక్కటి పెట్టచ్చన్నారు" అంది సులోచన.

"రేకు పైకి చూపిస్తావు, లోపల ఏం పెడతావో! ఇంక నా గడప తొక్కకు" అంది కామాక్షమ్మ. సులోచన కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకైతే ఇక్కడ కామాక్షమ్మని రెండు దెబ్బలెయ్యాలనిపిస్తుంది.

ఏంటలా చూస్తున్నావు? నీకు ముందే తెలిసిపోయిందా? నీ మీద కూడా నాకు అనుమానంగానే ఉంది. సరే, విను.

అప్పుడు బోనుకి తాళం పడింది. తాళంచెవి కామాక్షమ్మ కొంగున చేరింది. మర్నాడు పొద్దున డాక్టరు చూడ్డానికి వచ్చేసరికి ఆవిడ పూజ ముగించి నైవేద్యం పళ్ళెంతో బయటికొచ్చింది. డాక్టరు చేతిలో ఒకటి పెట్టింది, మొగుడి చేతిలో ఒకటి పెట్టింది. ఆ తర్వాత తాళం తీసి బూరుగమ్మకి ఒకటి ఇచ్చింది. గడ్డి ముట్టని బూరుగమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని గబగబా కొరికింది.

"అదేంటమ్మా?" అన్నాడు డాక్టరు.

"ప్రసాదం నాయనా."

"ప్రసాదమే. కానీ ఏంటది?"

"కిస్మిస్."

"రోజూ పెడతారా?"

"ప్రసాదం తిండిలోకి రాదుగా నాయనా! ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా కళ్ళకద్దుకుని..." అంటూనే కామాక్షమ్మ ఆగిపోయింది. పళ్ళెం కింద పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది. అంత ప్రేమగా తన చేత్తో తనే పెట్టిందమ్మా!

ఆ రోజు నుంచి కిస్మిస్ బంద్. డాక్టరిచ్చిన మందు పట్టించి, గడ్డి కొంచెం కొంచెం దగ్గర పెట్టి, పగలంతా కాపలా కూర్చుంది. మూడో రోజు బూరుగమ్మ ఒక గడ్డిపరక కొరికింది. వారానికి పెంటికలు మళ్ళీ గోధుమ గింజలంత అయ్యాయి. అప్పుడప్పుడూ ప్రసాదం పెట్టాలనిపిస్తే, వినాయకుడికి ఎండు గరిక నైవేద్యం పెట్టి అందులో ఒక పరక ఇచ్చేది. వినాయకుడేం అనలేదు.

ఆ తర్వాత కామాక్షమ్మ సులోచన ఇంటికి వెళ్ళింది. సులోచన తలుపు సగమే తీసింది. మళ్ళీ ఏం అంటుందోనని అనుమానం.

"దొంగ దొరికిందే" అంది కామాక్షమ్మ.

"ఎవరు?"

కామాక్షమ్మ తన కుడిచెయ్యి ముందుకు చాపింది. "ఇదిగో, ఇదే."

సులోచన అదే చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, "కూర్చో వదినా, కాఫీ కలుపుతాను" అంది.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
కిస్మిస్ డబ్బా పై అరకి!