లెక్కలోకి రాని తూటా

ఒక లోయకు ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు ఉండేవి. రెండూళ్లకూ పగ. ఎందుకు పగో చెప్పగలిగిన ముసలివాళ్లు ఎప్పుడో పోయారు, పగ మాత్రం పోలేదు. పొలంతో పాటు దాన్ని కూడా తండ్రులు కొడుకులకు పంచి ఇచ్చేవారు.

ఏటా కోతలయ్యాక ఒక రోజున రెండూళ్ల మగవాళ్లూ తుపాకులు పట్టుకుని లోయ అంచున నిలబడేవారు. నోరారా తిట్టుకునేవారు. ఆపైన ఒకరి మీదికొకరు తూటాలు పేల్చేవారు. ఒక్క తూటా కూడా లోయ దాటేది కాదు. అన్నీ సగం దూరంలోనే అలిసిపోయి కింది బండల మీద రాలేవి. పొద్దు వాలేసరికి పౌరుషాలు తీరి, గొంతులు బొంగురుపోయి, అందరూ ఇళ్లకు పోయి కడుపునిండా తినేవారు. మర్నాటినుంచి ఆ ఊరి పిల్లను ఈ ఊరికి, ఈ ఊరి పిల్లను ఆ ఊరికి ఇచ్చుకునేవారు. ఇంత తెలివైన పగ ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఆ తెలివి నిజానికి ఊళ్లది కాదు, ఇద్దరు కమ్మరులది. ఇవతలి కమ్మరీ అవతలి కమ్మరీ తాతల నాటి పద్ధతినే లావుపాటి ఇత్తడి గుల్లలో మందు కూరి, మూతికి లావుపాటి సీసపు గుండు బిగించేవారు. లావు గుండు మెల్లగా పోతుంది, తొందరగా దిగిపోతుంది. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. ఊళ్లు మాత్రం లోయే మరీ వెడల్పనుకునేవి.

ఇవతలి కమ్మరి తన ఒక్కగానొక్క కూతుర్ని అవతలి కమ్మరి కొడుక్కే ఇచ్చాడు. ఆ కొడుక్కి కొలిమి అబ్బలేదు, మేకల వెంట తిరిగేవాడు. కోడలే మామకు తిత్తి ఊది, గుండ్లు పోత పోసేది. పుట్టింట్లో నేర్చిన పనే. పోసిన ప్రతి గుండు అడుగునా బొటనవేలి గోటితో నొక్కి చూడడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. మెత్తటి సీసం మీద చిన్న నెలవంక పడేది. తండ్రి మొదట్లో కసిరేవాడు. తర్వాత నెలవంక లేని గుండు చూస్తే ఆయనకే ఏదో వెలితిగా ఉండేది.

ఆమె అత్తారింటి వాకిలి సరిగ్గా లోయ అవతల. రోజూ సాయంత్రం తండ్రి వచ్చి అంచున నిలబడితే, కూతురు వాకిట్లోకి వచ్చి తడిగుడ్డ ఒకటి విదిలించేది. బాగున్నానని దానర్థం. వియ్యంకుడు అదే వాకిట్లో పీట వేసుకుని, లోయకు వీపు పెట్టి, చేటలో ఉలవలు పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చునేవాడు. పగవాళ్ల ఊరివైపు వీపు తిప్పి కూర్చోవడానికి ఆయన ఎన్నడూ భయపడలేదు.

ఒక ఏడు తుపాకుల రోజున ఇవతలి ఊరి దొర తన కమ్మరితో నవ్వుతూ అన్నాడు.

"ఏమోయ్, నీ తూటాలు కాపురానికి పోనని మొండికేసే కొత్త పెళ్లికూతుళ్లలా ఉన్నాయే! సగం దారిలోనే కూలబడుతున్నాయి."

అందరూ నవ్వారు. కమ్మరి కూడా నవ్వాడు. నవ్వాడు గానీ ఆ మాట ఆయన చెవిలో జోరీగలా ఉండిపోయింది. తను కావాలనే చేతకానివాడిలా ఉంటున్నానని ఎవరికి చెప్పుకుంటాడు? పనిమంతుడికి అంతకన్నా నరకం లేదు.

కొన్నాళ్లకు ఆయన ఒక లావు గుల్ల తీసుకుని దాని మెడ నొక్కడం మొదలుపెట్టాడు. కడుపు అంతే ఉండాలి, మూతి మాత్రం శనగగింజ పట్టేంత సన్నం కావాలి. ఏనుగుకు పెట్టే మేత చీమకు పెట్టినట్టు, అంత మందూ కలిసి అంత చిన్న గుండును తోయాలి. మెడలు ముడతలు పడ్డాయి, చిట్లాయి. ఆముదం రాసి, కాస్త కాస్త కాచి, మళ్లీ మళ్లీ నొక్కాడు. ఉత్త సీసపు గుండు ఆ వేగానికి గాలిలోనే చెదిరిపోతుందని తోచి, దానికి పల్చటి రాగి చొక్కా తొడిగాడు. అడుగు మాత్రం సీసంగానే వదిలాడు. అలాంటి తూటా ఏ ఊళ్లోనూ ఏ కమ్మరీ చేసి ఎరగడు. దానికి పేరు కూడా లేదు.

ఆ మధ్య కూతుర్ని చూడ్డానికి వెళ్లినప్పుడు వియ్యంకుడి దగ్గర ఈ సంగతి దాచలేకపోయాడు.

"బావగారూ, అది లోయ దాటితే?" అన్నాడు వియ్యంకుడు, ఉలవల్లోంచి తల ఎత్తకుండానే.

"దాటాలనే కదా చేస్తున్నాను."

"దాటాక?"

"దాటాక పెట్టెలో పెట్టేస్తాను. ఒక్కసారి కళ్లారా చూసుకోవాలి, అంతే."

"చూసుకున్నాక పెట్టెలో పెట్టినవాణ్ని నేనైతే చూళ్లేదు. కోరి కొరివితో తల గోక్కుంటున్నారు బావగారూ."

కూతురు కొలిమి దగ్గర నుంచి అడిగింది. "మెడ ముడత పడకుండా ఎలా నొక్కావు నాన్నా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. కానీ వియ్యంకుడు ఉన్నాడని, తర్వాత చెబుతానన్నట్టు చెయ్యి ఊపాడు.

మెడ నొక్కిన గుల్లకు ఒక పద్ధతి ఉంది. మెడ కింద వాలే దాని భుజాలు ఇంకా వదులుగానే ఉంటాయి. ఒకసారి తుపాకిలో పెట్టి పేలిస్తే, లోపలి మంటకు ఉబ్బి, ఆ తుపాకిలో తూటా కూర్చునే గదికి అచ్చంగా అతుక్కుని, అప్పుడు తన అసలు ఆకారం తెచ్చుకుంటుంది. ఆ మొదటి పేలుడు గుల్ల కోసమే. గుండు ఎటు పోయినా ఎవరూ పట్టించుకోరు. కొత్త గుల్ల ఏదైనా సరే, మొదటి తూటా లెక్కలోకి రాదనేది కమ్మరుల మాట.

గుల్ల సిద్ధమైన రోజున కమ్మరి దాన్ని, దానికోసమే చేసిన సన్నగొట్టం తుపాకిలో పెట్టుకుని లోయ అంచుకు వెళ్లాడు. ఆ ఊళ్లో ఏ తుపాకి పరీక్షించాలన్నా లోయవైపే పేల్చేవారు. పొలాల్లో పశువులుంటాయి, కొండ మీద పుల్లలకు పోయినవాళ్లుంటారు. లోయవైపైతే ఎవరికీ ఏమీ కాదు. చిన్నప్పటినుంచీ ఆయన అలాగే పేల్చాడు, ఆయన తండ్రీ అలాగే పేల్చాడు. దాటడానికే చేసిన తూటా అది. అయినా ఆయన లెక్కలో అదింకా తూటా కాలేదు, గుల్ల మాత్రమే. గురి చూడకుండా మీట నొక్కాడు.

ఎప్పటిలా ఢామ్మనలేదు. కొత్త గుడ్డ చించినట్టు చప్పుడైంది.

ఆయన అవతలికి చూడలేదు. ఆత్రంగా గుల్ల బయటికి తీశాడు. అది కాలుతుంటే ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ చూశాడు. భుజాలు చెక్కినట్టు నిలబడ్డాయి. మెడ మీద వెంట్రుకంత ముడత లేదు. పుట్టి బుద్ధెరిగాక ఇంత అందమైన వస్తువు తన చేత్తో చేయలేదని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు అవతల కేక వినిపించింది. తలెత్తి చూశాడు. వియ్యంకుడి వాకిట్లో జనం మూగుతున్నారు. పీట బోర్లా పడి ఉంది.

కమ్మరి గుల్ల చేత్తోనే పట్టుకుని లోయలోకి పరిగెత్తాడు. అడుగున వాగు మీద దుంగల వంతెన ఉంది. ఆయన చేరేసరికి అవతలినుంచి కూతురు దిగి వచ్చి నిలబడి ఉంది. ఆమె పైటంతా నెత్తురు. ఆమెది కాదు.

"ఎందుకు పేల్చావు నాన్నా?"

"గుల్ల ఆకారం కోసమమ్మా. మొదటి తూటా లెక్కలోకి రాదు కదా. నీకు తెలుసు కదా తల్లీ!"

"మామయ్య వీపులోంచి పోయింది."

ఆయన వంతెన మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. కూతురు ఏడవలేదు. చెయ్యి చాపింది.

"ఏదీ, ఆ గుల్ల ఇటియ్యి."

ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. మెడ చుట్టూ వేలు పోనిచ్చింది.

"ఎక్కడా ముడత పడలేదు" అంది మెల్లగా.

అంత దుఃఖంలోనూ ఆయన నోటినుంచి మాట జారింది. "ఆముదం రాసి, కొంచెం కొంచెంగా కాచానమ్మా."

ఆమె తలూపి, గుల్లను కొంగున ముడేసుకుని, వచ్చిన దారినే ఎక్కిపోయింది.

ఆ ఏడు తుపాకుల రోజున అవతలి అంచుకు ఒక్కరూ రాలేదు. అక్కడ లోయవైపు వాకిళ్లన్నీ మట్టి గోడలతో మూసేశారు. దొర గెలిచామని ఊరంతా బెల్లం పంచాడు. పగ వచ్చాక మొదటిసారి ఒక ఊరు గెలిచింది, మొదటిసారి రెండూళ్ల మధ్య పెళ్లిళ్లు ఆగిపోయాయి. కమ్మరి ఆ తుపాకిని కొలిమిలో వేసి కరిగించాడు. రెండో గుల్ల చేయమని దొర ఎన్నిసార్లు కబురు పెట్టినా కదల్లేదు. సాయంత్రాలు మాత్రం అలవాటు చొప్పున అంచుకు పోయి నిలబడేవాడు. తడిగుడ్డ విదిలించేవాళ్లు లేరు.

ఒక మధ్యాహ్నం ఆయన లోయకు ఎదురుగా ఉన్న తన ఇంట్లోంచి బయటికి వస్తుంటే, తల పక్కన ద్వారబంధం ఫట్మని చిట్లింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. కొత్త గుడ్డ చించినట్టు.

ఆయన లోపలికి పరిగెత్తలేదు. ఉలి తెచ్చి ద్వారబంధంలోంచి గుండు పెకలించాడు. తను చేసినదానికన్నా సన్నంగా ఉంది. ముందువైపు నలిగినా రాగి చొక్కా ఎక్కడా విడలేదు. పని చాలా బాగుంది. వెనక్కి తిప్పి అడుగు చూశాడు. సీసం మీద చిన్న నెలవంక ఉంది.

చప్పుడు విని దొర పరిగెత్తుకొచ్చాడు. ద్వారబంధానికి పడ్డ కన్నం చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"చంపడానికేనా కొట్టింది?"

"కాదు దొరా. గుల్ల ఆకారం కోసం పేల్చింది. మొదటిది లెక్కలోకి రాదు."

"మరి రెండోది?"

కమ్మరి గుండును రొంటిన దోపుకుని లోపలికి వెళ్లాడు. ఒక పీటా, ఒక చేటా, కాసిని ఉలవలూ తెచ్చుకున్నాడు. వాకిట్లో పీట వేసుకుని, లోయకు వీపు పెట్టి కూర్చుని, రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.