తిట్లు ఏరుకున్న నారప్ప

మల్లభూపాలుడి రాజ్యంలో ఏనుగులూ ఉండేవి, సెల్ ఫోన్లూ ఉండేవి. రెండూ ఒకే కాలంలో ఎలా ఉంటాయని అడక్కండి. కథ చెప్పేది నేను.

ఒకరోజు నిండు సభలో రాజుగారికి ఓ సరదా పుట్టింది.

“జనం ఎండలో నిలబడి మొర పెట్టుకోవడం చూడలేకపోతున్నాను. ఇంట్లో కూర్చుని ఫోన్లో చెప్పుకుంటే మాకిక్కడ వినపడాలి. నా ఫోన్లోనూ వినపడాలి, మహారాణి ఫోన్లోనూ వినపడాలి. యాప్ మాత్రం ఒక్కటే!”

సభంతా గుటకలు మింగింది. ఎందుకంటే రాజుగారి ఫోను ఒక జాతి, రాణి కనకాంబగారిది ఇంకో జాతి. ఒకదాంట్లో పరిగెత్తే యాప్ రెండోదాంట్లో మొరాయిస్తుంది.

ఆస్థాన యంత్ర పండితుడు ఉద్దండరాయుడు మీసం మెలేస్తూ లేచాడు. ‘నాకు తెలియదు’ అన్న మాట పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట రాలేదు.

“అదెంత పని ప్రభూ! కానీ పోటీ ఉంటేనే మజా. మన నారప్ప కూడా ఒకటి చెయ్యాలి. ఓడినవాడు ఏడాదిపాటు ఏనుగుల శాలలో పేడ ఎత్తాలి.”

“భేష్!” అన్నారు రాజుగారు.

నారప్ప ఆస్థాన విదూషకుడు. సభలో నలుగురినీ నవ్వించి పొట్ట పోసుకునే మనిషి. పైగా ఏనుగంటే చచ్చేంత భయం. వెనకోసారి పట్టపుటేనుగు అతని తలపాగా లాక్కుని, ఇవాళ్టికీ తిరిగివ్వలేదు.

“నేను సొంతంగా చేసిన యాప్ ఒక్కటే ఒకటి,” అని ఇంటికొచ్చి భార్యతో మొరపెట్టుకున్నాడు. “దాన్ని నొక్కితే ఫోను ఆరిపోయేది.”

“అయితే అన్నీ అరువు తెచ్చుకోండి. అది మీకు బాగా వచ్చుగా,” అంది తిమ్మాంబ.

మాట మంచిదే. గొంతు పట్టి వినిపించడం, గంట మోగించడం, ఇలాంటి పనులకి ఎవరెవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ముక్కలుంటాయి. వాటినే లైబ్రరీలంటారు. తెచ్చి మన యాప్‌లో అతికించుకోవడమే. చిక్కల్లా ఏది రెండు జాతుల ఫోన్లకీ నప్పుతుందో తెలియకపోవడం.

ఉద్దండరాయుడు జనం ఎక్కువ స్టార్లిచ్చి మెచ్చుకున్న లైబ్రరీలు చూసుకుని, చకచకా అతికించేశాడు.

నారప్పకి అంత తెలివి లేదు. సిగ్గు అసలే లేదు. ఒక్కో లైబ్రరీ రాసినవాడికీ ఉత్తరం పెట్టాడు. “అయ్యా, నేనో మొద్దుని. మీ ముక్క రెండు జాతుల ఫోన్లలోనూ పలుకుతుందా?”

కొందరు ఉలకలేదు, పలకలేదు. కొందరు మాత్రం తలవాచేలా చీవాట్లు పెట్టారు. “పైనే రాసిపెట్టాను కదయ్యా, కళ్లు లేవా? పలుకుతుంది!” అన్నాడు గొంతు పట్టే లైబ్రరీ చేసినాయన.

ఆ సంగతి సభకి తెలిసి అందరూ పగలబడి నవ్వారు. నారప్ప కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. లోపల మాత్రం ఏనుగు తొండమే కనిపిస్తోంది.

పోటీ రోజు వచ్చింది. ఉద్దండరాయుడి యాప్ తెరవగానే నెమలి పురివిప్పింది. రాజుగారి ఫోన్లో మాట గణగణమంది. రాణిగారి ఫోన్లో నెమలి వచ్చింది గానీ మాట రాలేదు.

“నాకేం వినపడటం లేదు,” అన్నారు రాణిగారు.

“నా మాట నీకెప్పుడు వినపడింది కనక!” అన్నారు రాజుగారు.

“పొద్దున్న నా ఫోను తనంతట తానే ఏదో కొత్తగా మార్చుకుంది. దాని వల్లేమో?”

నారప్ప యాప్ పెట్టారు. నెమలీ లేదు, కాకీ లేదు. ఉతికి ఉతికి వెలిసిపోయిన తువ్వాలులా ఉంది. రాజుగారి ఫోన్లో పలికింది. రాణిగారి ఫోన్లో అదీ మూగబోయింది.

“చూశారా! లోపం మహారాణి ఫోనుదే,” అన్నాడు ఉద్దండరాయుడు. రాణిగారి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

“ఆ లైబ్రరీ చేసినవాణ్ణే అడగండి,” అన్నారు రాజుగారు.

“అడగడమా? నేనా?” అని గొణుక్కుంటూ ఉత్తరం పెట్టాడు పండితుడు. జవాబు రాలేదు. చూస్తే, ఆ మహానుభావుడు ఆ పని వదిలేసి ఏళ్లయింది. కింద జనం ప్రశ్నలు గుట్టలుగా పడి ఉన్నాయి.

నారప్ప కూడా తన గొంతు పట్టే లైబ్రరీ చేసినాయనకి ఉత్తరం పెట్టాడు. తాంబూలం నమిలేంత సేపట్లో ఫోను టింగుమంది. రాజుగారు లాక్కుని పైకి చదివారు.

“మళ్లీ నువ్వేనా, మొద్దూ! ఆ కొత్త మార్పుకి పొద్దున్నే సరిచేసి పెట్టాను. తెచ్చి అతికించుకో, నా ప్రాణం తియ్యకు!”

నారప్ప సంచీలోంచి కంప్యూటరు తీసి అలాగే చేశాడు. యాప్‌లో తన మొర తనే చెప్పుకున్నాడు. రాణిగారి ఫోన్లోంచి అతని గొంతు సభంతా మోగింది. “అమ్మా! ఏనుగుల దగ్గరికి మాత్రం పంపకండి!”

“మన్నించాం,” అన్నారు రాణిగారు నవ్వాపుకుంటూ.

“అంతమందిలో ఈయన్నెలా పట్టావురా?” అన్నారు రాజుగారు.

“తిట్టినవాళ్లనే ఏరుకున్నాను ప్రభూ! తిడుతున్నాడంటే ఇంకా ఆ పని మీదే ఉన్నాడన్నమాట. తిట్లు తినడం నాకెలాగూ అలవాటే.”

సభ గొల్లుమంది. రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి నారప్పకి వేశారు. “ఉద్దండరాయా, ఇక ఏనుగుల శాలకి…” అంటూ పక్కకి తిరిగితే పండితుడు ఫోను నోటి దగ్గర పెట్టుకుని స్తంభం చాటున నక్కి ఉన్నాడు.

అంతలో రాణిగారి ఫోను మళ్లీ మోగింది. నారప్ప యాప్‌లోనే, ఉద్దండరాయుడి గొంతు, సన్నగా.

“అమ్మా, ఏనుగుకి ఎటువైపు నిలబడితే తన్నదు? నాకు తెలియదు.”

రాజుగారు సింహాసనం మీద పొట్ట పట్టుకుని నవ్వారు.

“తెలియదన్నాడు! నా ఫోన్లోనే అన్నాడు!” అన్నారు రాణిగారు. “ఇక ఏనుగులెందుకు, ఈ శిక్ష చాలు!”