తడిబట్టల మొక్కు

ఇంతవరకూ నేను ఏదీ రాసి ఎరగను. చదివింది అయిదో తరగతి. నలుగురిలో నోరు విప్పాలన్నా బెరుకే. అయినా అమ్మగారు చేసిన మేలు ఇలాగైనా తలుచుకుందామని రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

అమ్మగారంటే మా అనకాపల్లిలో శుక్రవారం శుక్రవారం మాకు నాలుగు మంచి మాటలు చెప్పే విశాలాక్షమ్మగారు. ఏదడిగినా వెంటనే బదులు చెప్పరు. ఏదో ఒక పని చేసి ఊరుకుంటారు. అదే జవాబని మనకి తర్వాత తెలుస్తుంది.

ఆ ఏడు మమ్మల్ని కొందరు ఆడవాళ్ళని హిమాలయాల్లో ఒక కొండమీది శివాలయానికి తీసుకెళ్ళారు. మూడు రోజుల నడక. దారంతా చలి, వాన. "నూలుబట్టలు వద్దు. నూలు తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తుంది. ఉన్ని తడిసినా కాస్త వెచ్చగానే ఉంటుంది. రాత్రి పడుకోవడానికి మాత్రం ఒక పొడి జత ప్లాస్టిక్ సంచిలో దాచుకోండి" అని బయల్దేరేముందే చెప్పారు. నేను అన్నీ సర్దుకున్నాను గానీ వేసుకోలేదు. నాకో మొక్కు ఉంది. మా అమ్మాయికి కాన్పు కష్టమై ప్రాణం మీదికి వచ్చినప్పుడు, "తల్లీ బిడ్డా దక్కితే తడిబట్టలతో నీ కొండ ఎక్కుతాను స్వామీ" అనుకున్నాను. ఇద్దరూ దక్కారు. అందుకని నేతచీరతోనే వానలో నడిచాను.

రెండో రోజు సాయంత్రం రేకుల సత్రం చేరేసరికి టీ గ్లాసు పట్టుకుందామంటే వేళ్ళు ముడుచుకోవడంలేదు. అందరూ పొడిబట్టలు మార్చుకున్నారు. నేను అలాగే కూర్చున్నాను.

"ఏమే నాగరత్నం, లింగం దాకా ఎందుకు, నువ్వే ఇక్కడ మంచుగడ్డవై కూర్చో, నీకే మారేడాకులు వేసి పోతాం" అంది మా కనకం వదిన. నవ్వడానికి కూడా పెదవులు కదల్లేదు.

అప్పుడు అమ్మగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. "అమ్మా, నేను పొడిబట్ట కట్టుకుంటే మొక్కు తప్పినట్టేనా? ఇచ్చిన పిల్లల్ని ఆయన మళ్ళీ తీసేసుకోడు కదా?"

అమ్మగారు శాలువా తీసి మడతపెట్టి బల్లమీద ఉంచారు. గుమ్మం దాటి వెళ్ళి, రేకుల మీంచి ధారగా పడుతున్న నీళ్ళకింద నిలబడ్డారు. డెబ్భై ఏళ్ళ మనిషి.

నేను పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, జబ్బు చేస్తుంది! మీకు దణ్ణం పెడతాను, లోపలికి రండి!"

"నువ్వే చూడలేకపోయావు. ఇచ్చినవాడు చూస్తాడా?" అన్నారు.

ఇద్దరం లోపలికి వచ్చాం. ఆవిడ తల నేను తుడిచాను, నా తల కనకం వదిన తుడిచింది. పొడిబట్టలు కట్టుకుని, ఏడుస్తూనే నిద్రపోయాను.

తెల్లారి చూస్తే అందరూ పొడిబట్టలు విప్పి సంచుల్లో దాచేస్తున్నారు. నిన్నటి తడి ఉన్నిబట్టలే పిండుకుని మళ్ళీ వేసుకుంటున్నారు. అమ్మగారూ అంతే. నడిచేటప్పుడు తడివి, పడుకునేటప్పుడు పొడివి. నిన్న పొద్దున కూడా కళ్ళెదుటే ఉన్నా నాకు పట్టలేదు.

నేను కూడా పొడి జత విప్పి సంచిలో పెట్టాను. అడుగున మడత విప్పకుండా ఉన్న ఉన్ని చొక్కా, ఉన్ని లాగూ బయటికి తీశాను. మొక్కింది తడిబట్టలనే కదా అని నీళ్ళ బకెట్లో ముంచాను.

కనకం వదిన నోరు తెరిచింది. అమ్మగారు చెయ్యెత్తి ఆవిణ్ణి ఆపి, నావైపు తిరిగారు.

"గట్టిగా పిండు, నాగరత్నం" అన్నారు.