సాకులగుట్ట మీద నీళ్ల సాక

సాకులగుట్ట ఎల్లమ్మ సన్నిధికి మొదటిసారి వచ్చే భక్తులు కల్లుకుండతో వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోతుంటారు. మిగతా ఎల్లమ్మ గుళ్లలో అమ్మవారికి కల్లు సాక పోయడం ఆనవాయితీ. సాక అంటే అమ్మవారి ముందు తెగకుండా పోసే ధార. ఇక్కడ మాత్రం మంచినీళ్లే పోస్తారు. బండరాతిలో వెలసిన అమ్మ ముందు దోసిలి ఆకారంలో ఒక గుంట ఉంది, ఆ నీళ్లు అందులో పడతాయి. "కల్లు పోయకపోతే అమ్మకు కోపం రాదా?" అని అడగని వాళ్లు లేరు. కోపం వచ్చిందనే కదా మానేసింది!

పూర్వం ఇక్కడ సాక పోసే వంతు ఓదెలు అనే అతని ఇంటిది. సాక పోయగా మిగిలిన కల్లు దోసెడు తీర్థంగా పుచ్చుకోవడం పోసినవాని హక్కు. ఓదెలు దోసెడుతో మొదలుపెట్టి ముంతకు, ముంత నుంచి కుండకు వచ్చాడు. భార్య కొమురవ్వ అడిగితే, "నేను తాగుతున్ననా? అమ్మ తాగిపిస్తాంది" అనేవాడు. వాన పడితే చలి, ఎండ కాస్తే దాహం, ఏమీ లేకపోతే అమ్మ. రానురాను అతనికి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటో పోవాలనిపించేది. తిండి సహించేది కాదు. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు నీరు పట్టాయి. తెల్లవారితే చేతులు గడగడ వణికేవి. ఒక ముంత పడితే వణుకు ఆగేది. దాంతో కల్లే తనకు మందు అనుకున్నాడు పిచ్చివాడు.

ఒక బోనాల నాడు ఉపవాసంతో సాక పోయబోతే ఓదెలు ఒళ్లంతా వణికి ధార తెగింది. తెగితే అరిష్టమని జనం బెదిరారు. అంతలో ఒక ముసలమ్మ "అమ్మ పూనింది!" అని కేక వేసింది. అందరూ కాళ్ల మీద పడి, శాంతించు తల్లీ అంటూ అతనికి కల్లు పట్టారు. వణుకు ఆగింది. అమ్మ శాంతించిందని జనం చెంపలు వేసుకున్నారు. తనకు పూనింది అమ్మ కాదని ఓదెలుకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఆనాటి నుంచి ఊరే కుండలు మోసుకొచ్చి అతని చేత తాగించింది.

కొన్నాళ్లకు అతని కూతురు ఐలవ్వకు జ్వరం వచ్చి మూడు రోజులు కన్ను తెరవలేదు. అమ్మ ఏమంటుందో చెప్పమని జనం ఓదెలు చుట్టూ మూగారు. మత్తులో ఊగుతూ అతను, "సాక అడుగుతాంది. బిడ్డ నోట్ల కల్లు పొయ్యిండ్రి" అనేశాడు. అన్నాక తనకే భయం వేసింది. కానీ అందరి ముందూ అన్న మాట వెనక్కి తీసుకునేదెలా?

కొమురవ్వ బిడ్డకు అడ్డంగా నిలబడింది. "పొయ్యనియ్య. గా వణుకు అమ్మది కాదు, కల్లుది. పొద్దుగాల నీ చేతులు ఎట్ల కొట్టుకుంటయో నాకెరుక" అంది. ఓదెలు ఆమెను ఒక్క తోపు తోశాడు. ఆమె లేచి, బిడ్డను భుజాన వేసుకుని, నీళ్ల చెంబుతో గుట్ట ఎక్కింది. తిట్టుకుంటూ వెంటపడ్డ ఓదెలు అమ్మవారి బండ దగ్గర రక్తం కక్కుకుని పడిపోయాడు.

ఆ మగతలో అమ్మ కనిపించింది. "కొడుకా, ఇన్నేండ్లు నాకు పోసిందేంది?" అని అడిగింది.

"సాక, తల్లీ."

"సాక కాదు, సాకు. నా పేరు చెప్పి నువ్వు తాగినవు. నేను చుక్క ముట్టలే. నేను నీకు బిడ్డనిచ్చిన. దాన్ని సాకు."

కళ్లు తెరిచి చూస్తే, అన్నేళ్లుగా పోసిన కల్లు పోసినట్టే గుంట నిండా నిలిచి ఉంది. పక్కనే కొమురవ్వ బిడ్డ పెదవులు నీళ్లతో తడుపుతోంది. ఐలవ్వ కన్ను తెరిచింది. తండ్రిని చూసి తల్లి కొంగులో దూరింది. రక్తం కక్కినప్పుడు కూడా ఏడవని ఓదెలు అప్పుడు ఏడ్చాడు.

తొమ్మిది రోజులు అతనికి నిద్ర లేదు. ఒంటి మీద లేని చీమలను దులుపుకున్నాడు, గోడలతో మాట్లాడాడు. కొమురవ్వ గంజి తాగిస్తూ కాచుకుంది. పదో రోజు ఊరందరి ముందు, "అమ్మ తాగిపిస్తాందన్నది నా సాకు. ఇయ్యాల ఈడనే ఇడుస్తున్న" అని నీళ్ల సాక పోశాడు. చేతులు వణికి ధార నాలుగుసార్లు తెగింది. ఈసారి పూనకమని ఎవరూ అనలేదు. ఐలవ్వ వచ్చి చెంబు అడుగున చేయి పట్టింది.

నేటికీ తాగుడు మానదలచినవారు ఇంటివాళ్లతో గుట్ట ఎక్కి, తమ సాకు ఏదో పైకి చెప్పి, నీళ్లు పోసి విడిచి వెళతారు. విన్న ఇంటివాళ్లు బదులుగా "సాకు" అని ఒక్క మాటే అంటారు. మానేటప్పుడు వణుకు, కలవరం పుట్టేవారు ముందు ఆసుపత్రికి వెళ్లి, ఆ తరువాతే గుట్ట ఎక్కాలని ఆలయ కమిటీ మనవి. అందరికీ కొమురవ్వ దొరకదు. నిరుటి సాకుతోనే మళ్లీ వచ్చేవారూ ఉన్నారు, అమ్మ వారినీ కాదనదు. చేయి వణికితే ఇంటివాళ్లు చెంబు పట్టవచ్చు. ఈ గుట్ట మీద తెగిన ధారకు దోషం లేదు.