నీడ కొలిచిన తాడు

అనగనగా, మనిషిని వదిలేసి అతని నీడను కొలిచే రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు కంకణగిరి. దానికీ పక్కనున్న వెలిమల రాజ్యానికీ మధ్య ఒకే ఒక్క వాగు. ఏటా వేసవికి ముందు రెండు రాజ్యాలవారూ బుట్టబంతి ఆడేవారు. ఎత్తయిన రాటకు అడుగులేని బుట్ట కట్టి, అందులోంచి బంతిని ఎక్కువసార్లు జారవిడిచినవారికే ఆ ఏడు వాగు నీళ్లు. ఓడినవారికి ఎండిన గొంతులు.

ఇంత పెద్ద ఆటకు ఐదుగురిని ఎలా ఎంచేవారనుకున్నారు? బంతి చేతికిచ్చి మాత్రం కాదు. కొలతల అధికారి నాగప్ప ముడులు వేసిన తాడుతో వచ్చి, ఒక్కొక్కరినీ ఎండలో నిలబెట్టి నీడ కొలిచేవాడు. నీడ పొడుగైతే మనిషి పొడుగు, మనిషి పొడుగైతే మంచి ఆటగాడు. అది తాతలనాటి పద్ధతి. కొలువులోనివారి కొడుకులు వరుసలో ముందుంటారు కనుక, వాళ్లను పొద్దు పొడవగానే కొలిచేవారు. కూలినాలి చేసుకునేవారి వంతు వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చేవాడు. ఇందులో తిరకాసేమిటో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. ఆ రాజ్యంలో ఒక్క పెద్దమనిషికీ తట్టలేదు. తట్టినవాడు నోరు మెదపలేదు.

ఒక ఏడు బుట్టలల్లే ఓబులు, అతని తమ్ముడు ఈరన్న వరుసలో నిలబడ్డారు. రాటకు కట్టే బుట్ట వాళ్లు అల్లిందే. పసితనం నుంచీ అల్లిన ప్రతి బుట్టలోకీ బంతి విసిరి చూసుకున్న చేతులవి. వాళ్ల వంతు మిట్టమధ్యాహ్నం వచ్చింది.

"జానెడు," అన్నాడు నాగప్ప, ఓబులు కాళ్ల దగ్గర తాడు పెట్టి. "వీడి తమ్ముడిదీ జానెడే. ఇద్దర్నీ రాతిగనికి తోలండి."

నీడ చాలనివారు కోటగోడకు రాళ్లు మోయాలి. అదీ పద్ధతే.

"అన్నా, మనం అంత పొట్టివాళ్లమా?" అని దారిలో అడిగాడు ఈరన్న. తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేని మనిషి అతను.

ఆ ఏడు కంకణగిరి ఓడింది. చేలు ఎండిపోయాయి. "తాడు పాతబడింది ప్రభూ," అని నాగప్ప కొత్త తాడు పేనించాడు.

రెండో ఏడూ ఓడింది. బావుల్లో బురద మిగిలింది, పశువులు కొట్టాల్లోనే కూలిపోయాయి. ఈసారి నాగప్ప కొలతలను ఇంకా పెందలాడే మొదలుపెడతానన్నాడు.

గనిలో మాత్రం అన్నదమ్ములు సంకటి తినే వేళ చిరిగిన బుట్టనొకదాన్ని కొయ్యకు కట్టి, అందులోకి రాళ్లు విసిరేవారు. "రాయి విసిరినవాడికి బంతి ఒక లెక్కా అన్నా!" అని నవ్వేవాడు ఈరన్న. ఆ రెండో వేసవిలోనే, దాహంతో కాళ్లు తడబడి, మోస్తున్న బండ కింద పడ్డాడు. నీళ్లు, నీళ్లు అన్నాడు. ఓబులు గనంతా పరుగెత్తాడు. గుక్కెడు దొరకలేదు.

గని అంచున తమ్ముణ్ని పాతిపెట్టి, మీద మోకాలెత్తు రాళ్లు పేర్చాడు ఓబులు. మర్నాడు మళ్లీ బుట్ట ముందు నిలబడి, ఏడుస్తూనే రాళ్లు విసిరాడు.

మూడో ఏడు కొలువులోనివారి కొడుకులు జనానికి భయపడి దాక్కున్నారు. రాజు వేరే దారి లేక గనివాళ్లను రప్పించాడు. అప్పుడూ నాగప్ప తాడుతో తయారు. అప్పుడూ మిట్టమధ్యాహ్నమే.

"మళ్లీ జానెడే ప్రభూ! వీణ్ని ఆడిస్తే మన పరువేం కాను?"

ఓబులు ముందుకు వచ్చాడు. "మహారాజా, తమరొక్కసారి గొడుగు వదిలి ఎండలోకి దయచేయండి," అన్నాడు.

రాజు వచ్చి నిలబడ్డాడు. నాగప్ప వంగి తాడు పెట్టాడు. రాజు తన పాదాల వంక చూసుకున్నాడు. అక్కడున్నదీ జానెడు నీడే. ఎవరూ నవ్వలేదు.

ఓబులూ మరో నలుగురు గనివాళ్లూ ఆటకు దిగారు. రాళ్లకు అలవాటుపడ్డ చేతికి బంతి దూదిలా అనిపించింది. మొదటిది బుట్ట దాటి ఎటో పోయింది. రెండోది అంచుకు తగిలి వెనక్కి వచ్చింది. మూడోది బుట్టలోంచి జారింది. ఆ తర్వాత అతని చేయి తప్పలేదు. పొద్దు గుంకేలోగా వాగు కంకణగిరి వైపు మళ్లింది.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"నా తమ్ముణ్ని మళ్లీ కొలిపించండి మహారాజా. ఈసారి పొద్దు పొడిచేటప్పుడు."

మర్నాడు తెల్లవారుతుండగా అందరూ గనికి వెళ్లారు. సూర్యుడు తొంగిచూశాడు. ఆ రాళ్ల కుప్ప నీడ గని అంచు దాటి, బాట దాటి, ఎండిన చేలలోకి సాగింది. నాగప్ప తాడు విప్పుకుంటూ నడిచాడు. తాడు అయిపోయింది. నీడ ఇంకా ఉంది. అతను ఉన్నచోటే కూలబడ్డాడు. రాజు తల వంచుకున్నాడు.

"బతికుండగా ఒక్క పూట ముందు కొలిచి ఉంటే చాలేది," అన్నాడు ఓబులు.

అతను పదేళ్లు రాజ్యం తరఫున ఆడాడు. ఆ పదేళ్లూ వాగు చేజారలేదు. ప్రతి ఆటకు ముందూ చెంబెడు నీళ్లు తెచ్చి ఆ రాళ్ల మీద పోసేవాడు. అవి ఈరన్న గొంతు దాకా వెళ్లవని అతనికీ తెలుసు.

కనుక పిల్లలూ, మనకు వీలైన వేళ కొలిచి ఎవరినీ పనికిరారని తోసేయకండి. తప్పు తెలిసేనాటికి దిద్దుకోవడానికి ఆ మనిషి ఉండకపోవచ్చు.